ఆరో కాజా

మా కుట్టు టీచరుగారు పోయారు. మంగళవారం పొద్దున్న ప్రార్థన ముగించి లేస్తుంటే ఫోను మోగింది. ఆవిడ మేనకోడలు.

"అత్తయ్యగారు వెళ్లిపోయేరండి. కాఫీ ఇద్దామని లేపితే లేవలేదండి" అంది. తరువాత, "కుట్టుగుడ్డలున్న ట్రంకుపెట్టె మీకే అప్పజెప్పమన్నారండి. పోయిన వారమే చెప్పేరు" అంది.

"ఆయ్" అన్నాను. మళ్లీ మోకరించాను గానీ ప్రార్థన రాలేదు.

ఆ పెట్టె సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా తప్పు దాచిపెట్టి ఆవిడ మంచితనం ఒక్కటే రాస్తే ఆవిడకి నచ్చదు.

రాజోలు వైపు మా హైస్కూల్లో ఆవిడ ముప్పై ఏళ్లకి పైగా కుట్టు నేర్పారు. ఆవిడ కొత్తగా చేరిన రోజుల్లో నేను నేర్చుకున్నాను. తొంభైల్లో, రిటైరు కాబోయే ముందు, మా అమ్మాయికీ నేర్పారు. పెళ్లి చేసుకోలేదు. అన్నగారింట్లోనే ఉండేవారు. ఇది చదివేవాళ్లలో ఆవిడ దగ్గర సూది పట్టినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నడుముకి తెల్ల నాడాతో వేలాడే కత్తెర, పైట మీద గుచ్చుకున్న రెండు సూదులు, ముక్కు చివరికి జారిన కళ్లజోడు, అన్నీ వాళ్లకి గుర్తే.

ఎవరైనా దారం పళ్లతో తెంపితే, "మేకపిల్లవేంటే? కత్తెర ఎందుకుంది?" అనేవారు. పీరియడు అయ్యాక సైన్సు గదిలోంచి అయస్కాంతం తెచ్చి, దానికి దారం కట్టి, గదంతా ఆ మూల నుంచి ఈ మూలకి ఈడ్చేవారు. మాలో సగం మందికి కాళ్లకి చెప్పులుండేవి కావు. పడిపోయిన సూది ఒక్కటి కూడా నేల మీద మిగలకూడదు. అది చూసి మేం నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

గుడ్డ తీసుకెళ్లి చూపిస్తే ముందువైపు చూసేవారే కాదు. "ముందువైపు అందరూ బానే కుడతారమ్మా. ఏదీ, తిప్పు" అనేవారు. వెనకవైపు ముడులు, తోకలు, దాటవేసిన కుట్లు అన్నీ బయటపడేవి. తప్పు కుట్టి, అది కనబడకుండా పైన ఇంకో కుట్టు వేసినవాళ్లని మాత్రం వదిలేవారు కాదు. "దాని మీద ఇది వేస్తే అది పోద్దా? విప్పండి. విప్పడం కూడా కుట్టుపనే."

హైస్కూలు చివరి ఏడాది ప్రతి ఆడపిల్లా ఒక నమూనా గుడ్డ కుట్టి ఇవ్వాలి. మూరెడు గుడ్డ. దాని మీద హెమ్మింగు, గొలుసు కుట్టు, రఫ్ఫు, ఆఖరి వరసలో ఆరు కాజాలు. బొత్తాం దూరే చీలిక అంచు చుట్టూ దారంతో అల్లే కాజా చెయ్యి తిరిగినవాళ్లకే కుదురుతుంది. వాటిని ఆవిడ తిరిగి ఇచ్చేవారు కాదు. "నా దగ్గరుంటాయి. మీరు పెద్దయ్యాక ఇస్తాను, మీ పిల్లలకి చూపించుకుందురుగాని" అనేవారు.

నేనూ మా చెల్లెలూ ఒకటే క్లాసు. ఇంట్లో నేనే పెద్దదాన్ని. అమ్మ పురిటికని, తరువాత చంటిపిల్లాణ్ని చూడాలని నన్ను ఒక ఏడాది బడి మాన్పించారు. నాకంటే ఏడాది చిన్నది నా పక్కకొచ్చి కూర్చుంది. ఆ కోపం నాలో ఉండేది. పైకి చెప్పేదాన్ని కాదు.

గుడ్డ ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది. నేను ఒక్క కుట్టు కూడా వేయలేదు. వంట, నీళ్లు, చంటివాడు. చెల్లెలు ఆదివారం చర్చి నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని, నాన్న పాత పంచెలోంచి చింపిన ముక్క మీద అన్నీ కుట్టేసింది. ఐదు కాజాలు పూర్తయ్యాయి. ఆరోదానికి చీలిక మాత్రం కోసి ఉంచింది.

సోమవారం పొద్దున్న ఆ గుడ్డ నా సంచిలో పెట్టుకున్నాను.

"అక్కయ్యా, అది నాది కదా."

"నేను చూపిస్తాను. నువ్వు ఇంకోటి కుట్టుకో. నీ చెయ్యి గబగబా ఆడుద్ది."

"మరి గుడ్డేదక్కయ్యా?"

నేను సంచి భుజాన వేసుకున్నాను. ఇంట్లో ఇంకో ముక్క లేదని నాకూ తెలుసు.

క్లాసులో టీచరుగారు చెల్లెల్ని అడిగారు. "ఏమ్మా, నీదేది?"

"కుట్టలేదండి" అంది. నా వైపు చూడలేదు. పీరియడంతా వరండాలో నిలబడింది.

నా వంతు వచ్చింది. ఆవిడ గుడ్డ తిప్పి చూశారు. చాలాసేపు చూశారు. "ఆరోది ఉండిపోయిందే. ఇక్కడే కూచుని కుట్టు" అన్నారు. ఆవిడ ముందే కూర్చుని కుట్టాను. దారం ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా పడింది. ఐదు కాజాలు అచ్చు గుద్దినట్టున్నాయి, పక్కన నాది. ఆవిడ రెండు వైపులా చూసి మెల్లిగా అడిగారు.

"చెయ్యి అలిసిపోయిందా అమ్మా?"

నిజం చెప్పడానికి ఆవిడ నాకు దారి ఇచ్చారు. నేను "ఆయ్ అండి" అన్నాను.

ఆ నెలలో స్కూలు చూడ్డానికి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మగారు ఆ గుడ్డనే ఎగ్జిబిషనుకి ఏరారు. నేను బస్సెక్కి అమలాపురం వెళ్లాను. నా పేరు పిలిచి స్టీలు గ్లాసు ఇచ్చారు. మా ఇంట్లో మొదటి స్టీలు వస్తువు అదే. ఆ గ్లాసుతో అందరం నీళ్లు తాగేవాళ్లం. మా చెల్లెలూ తాగేది. తాగి, కడిగి, బోర్లించేది. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

తరువాత నేను ఎలిమెంటరీ స్కూలు టీచరునయ్యాను. చెల్లెలు మిషను కుట్టుకుని బతికింది. భర్త పోయాక మస్కట్‌లో ఒక బట్టలు కుట్టే షాపులో పనికి వెళ్లింది. రెండేళ్లకోసారి వస్తుంది.

రెండేళ్ల కిందట వేసవిలో మా స్కూలు పూర్వ విద్యార్థులందరికీ కలిపి సమ్మేళనం పెట్టారు. కర్రలు పట్టుకు నడిచే తాతగార్ల దగ్గర్నుంచి ఆ ఏడాది పరీక్ష రాసిన పిల్లల వరకూ వచ్చారు. కొబ్బరాకు పందిట్లో బ్యాచికో రంగు రిబ్బను. ఒకే ఇంటివాళ్లు మామ్మ, కోడలు, మనవరాలు మూడు రంగులు పెట్టుకుని పనసపొట్టు కూర దగ్గర వరసలో నిలబడ్డారు. కార్యక్రమాల కాగితం నా చేతికిచ్చి, టైము చూసుకోమన్నారు.

టీచరుగారు నెల ముందే కమిటీకి కబురు పెట్టారు, నమూనా గుడ్డలు స్టేజీ మీద ఎవరివి వాళ్లకి ఇస్తానని. అన్నీ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించారు. ఆ రోజు ట్రంకుపెట్టె ఆటోలో తెచ్చుకుని, ముందు వరసలో కాళ్ల దగ్గర పెట్టుకు కూర్చున్నారు. చెల్లెల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నన్ను చూసి, "మీ గుడ్డ పైనే పెట్టేనమ్మా. మీ అక్కచెల్లెళ్లిద్దర్నీ ముందుగా పిలుస్తాను. ఇద్దరూ రావాలి" అన్నారు.

ఇద్దరూ రావాలన్నారు. ఆవిడకి తెలుసు. ఎప్పుడూ తెలుసు.

ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చి, గంట మాట్లాడారు. కమిటీలో మా తరువాత బ్యాచి కుర్రాడు, ఇప్పుడు అతనికీ అరవై దగ్గరపడ్డాయి, నా దగ్గరికొచ్చాడు.

"అక్కయ్యగారూ, మూడు ఐటాలు తీసెయ్యాలండి. ఏవి తీసెయ్యమంటారు?"

నా పెన్ను మొదట కుట్టుగుడ్డల మీదికే వెళ్లింది.

"అయ్యో, పాపం ఆవిడ పెట్టె మోసుకొచ్చేరండి. పోనీ డాన్సు తీసేద్దామాండి?"

"పిల్లలు తయారై ఉన్నారు. ఏడుస్తారు. గుడ్డలు ఇంకో రోజు పెట్టుకుందాం" అన్నాను. నా గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. నేను నెమ్మదైనదాన్నని, న్యాయంగా చూస్తానని అందరికీ నమ్మకం. అతను తలూపి వెళ్లిపోయాడు.

ఆవిడకి నేనే వెళ్లి చెప్పాను. "టైము చాలలేదండి టీచరుగారూ."

ఆవిడ నా చేతిలో కాగితం వైపు ఒకసారి చూశారు. "ఆయ్, పర్లేదమ్మా. గుడ్డలకేం తొందర? పాడైపోయేవా ఏంటి?" అన్నారు. చెల్లెలు, "ఏమైందక్కయ్యా? ఎక్కడికీ కదలొద్దన్నారు నన్ను" అంది. ఆ వారమే మస్కట్‌కి దాని ప్రయాణం.

సాయంత్రం పెట్టె ఒక చెవి నేను, ఒక చెవి ఆటో అతను పట్టుకుని ఎక్కించాం. టీచరుగారు నా చెయ్యి పట్టుకున్నారు. "మీ చెల్లెలు మళ్లీ వస్తుంది కదమ్మా. అప్పుడు ఇద్దరూ కలిసి ఇంటికి రండి" అన్నారు. కోపం లేదు. కోపపడినా బావుండేది.

ఈ రెండేళ్లలో నేను ఆవిడ ఇంటికి వెళ్లలేదు. మా ఇంటికి ఆటోలో పావుగంట దూరం. "చెల్లెలు ఎప్పుడొస్తుందో అడిగి చెప్పు" అని రెండుసార్లు కబురంపారు. "ఇంకా తెలీదండి" అని చెప్పించాను. క్రిస్మసుకి వస్తోందని నాకు తెలిశాక కూడా చెప్పలేదు. నెలకోసారి చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభుబల్ల దగ్గరికి వెళ్లే ముందు తల వంచుకుని తప్పులన్నీ ఒప్పుకునేదాన్ని. విసుక్కున్నవి, మరిచినవి, చిన్నాచితకా అన్నీ. ఈ ఒక్కటీ పక్కకి జరిపేదాన్ని. ఆవిడ తలుచుకుంటే మా చెల్లెలికి ఫోను చేసి ఒక్క మాటలో చెప్పేయొచ్చు. చెప్పలేదు. నా చేతే విప్పించాలని కాచుకున్నారేమో.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక మేనకోడలూ నేనూ పెట్టె తెరిచాం. కలరా ఉండల వాసన. పెరట్లో తాడు కట్టి గుడ్డలన్నీ తగిలించాం. ఆవిడ చూసే పద్ధతిలోనే, వెనకవైపు బయటికి. ప్రతిదానికీ ఎవరిదో రాసిన పాత చీటీ ఉంది, ఉతికాక తిరిగి కుట్టినట్టున్నారు. వచ్చిన ఆడవాళ్లు తాడు పొడుగునా వెతుక్కున్నారు. మొదటి బ్యాచి మామ్మగారొకరు తన గుడ్డని ముందువైపు తిప్పుకుని మురిసిపోయారు.

"ఏమే, ఇది నేనే కుట్టేనంటావా? ఇంత బాగానా?"

"వెనకవైపు చూడు మామ్మా, నువ్వేనని తెలిసిపోద్ది" అంది మనవరాలు. అందరూ నవ్వారు. మేనకోడలు నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

మా గుడ్డ పెట్టెలో అన్నిటికంటే పైనే ఉంది. దాన్ని నేను తాడుకి వేయలేదు. చీటీ మీద ఆవిడ గుండ్రటి అక్షరాలు. సిరా వెలిసిపోయింది, అప్పట్లో రాసిందే. "ఐదు కాజాలు చెల్లెలు. ఆరోది అక్క." అంతే. నింద లేదు, వ్యాఖ్యానం లేదు. ఎవరి పని వారికి రాశారు.

ఇంటికి వచ్చి మస్కట్‌కి ఫోను చేశాను. చీటీ చదివి వినిపించాను. సమ్మేళనం నాడు ఆ ఐటం తీసేసింది నేనేనని, ఎందుకు తీసేశానో కూడా చెప్పాను. అవతల మిషన్ల చప్పుడు వినిపిస్తోంది.

"అయితే ఆవిడకి తెలుసా అక్కయ్యా?"

"తెలుసు. మొదటిరోజే తెలుసు."

"నేను బద్ధకిష్టిదాన్ననుకున్నారనుకున్నాను ఇన్నేళ్లూ. వరండాలో నిలబెట్టినందుకు కాదక్కయ్యా. కుట్టలేదని నేనే చెప్పేను కదా, ఆవిడ నమ్మేసేరనుకున్నాను. సమ్మేళనం నాడు పక్కన కూచోబెట్టుకుని నా వేళ్లు పట్టుకు చూసేరు. ఎందుకో అనుకున్నాను. ఉంటానక్కయ్యా, షాపులో పిలుస్తున్నారు."

నేను తీసుకున్నది గుడ్డ అనుకున్నాను ఇన్నాళ్లూ. గ్లాసు అనుకున్నాను. తన కుట్టు టీచరుగారికి తెలుసన్న మాట, ఆవిడ బతికుండగా ఆవిడ నోటే చెల్లెలు వినే రోజుని కూడా తీసేసుకున్నాను, ఒక్క పెన్ను గీతతో. దాన్ని తిరిగివ్వడానికి ఇక ఆవిడ లేరు. క్షమించమని దేవుణ్ని అడుగుతున్నాను. చెల్లెల్ని ఎదురుగా కూర్చుని అడగాలి. టీచరుగార్ని అడగాల్సింది మాత్రం ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న ప్రార్థన తరువాత, వెలుతురు బాగా వచ్చాక, గుమ్మంలో కూర్చుని ఆరో కాజా విప్పాను. సూది మొనతో ఒక్కో కుట్టూ ఎత్తి, కత్తెరతో తెంపాను. పళ్లతో తెంపలేదు. పూర్తి కావడానికి గంట పట్టింది. దారమంతా వచ్చేసింది. చీలిక, మా చెల్లెలు కోసి ఉంచిన రోజున ఉన్నట్టే తెరుచుకుంది. క్రిస్మసుకి వచ్చాక కుడుతుందో, అలాగే వదిలేస్తుందో దాని ఇష్టం. సూదిలో తెల్లదారం ఎక్కించి పక్కనే గుచ్చి ఉంచాను.

తరువాత గుడ్డ తిప్పి వెలుతురుకి పట్టి చూశాను. చీలిక చుట్టూ నేను పొడిచిన సూది రంధ్రాలు అలాగే ఉన్నాయి, ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా. ఒక్కోదాంట్లోంచీ ఎండ చుక్కలా కనిపిస్తోంది.