ముసుగు వీరుడికి అవ్వ కన్నీళ్ళు

తిరుపతి బస్టాండులో మా పాపకు బొమ్మల పుస్తకం కొన్నాను. తెరవగానే అదే సిరా వాసన.

చిన్నప్పుడు ఐరాలలో, దళితవాడలో ఉండే నా నేస్తం మేరి అలాంటిదే ఒకటి మా ఇంటికి తెచ్చింది. అందులోని ముసుగు వీరుణ్ణి తాకితే కాలిపోతామని ఆ కథలోని ఊరందరికీ భయం. వరద నుంచి కాపాడినా రాళ్ళతో తరిమారు. నేను చదువుతుంటే మా అవ్వ కళ్ళొత్తుకుంది.

"కాపాడినోడినే తరుముతారా, పాపం!"

అంతలో మేరి నీళ్ళడిగింది. అవ్వ చెంబు పైకెత్తి, తగలకుండా దోసిట్లో పోసింది. మేరికీ ఆ శక్తి ఉందనుకున్నాను.

"నిన్ను తాకినా కాలిపోతామా మే?" అబ్బురంగా అడిగాను.

మేరి తడి చేతులు పావడాకు తుడుచుకుంది. "వాడు ముసుగు తీసేస్తే వాడెవురో ఎవురికీ తెలీదు. నేనేం తీసెయ్యాల?"

అవ్వ కన్నీళ్ళు అబద్ధం కావు. ఇప్పటికీ నన్ను కలవరపెట్టేది అదే.