పెంటమ్మవ్వ రేకు సిపాయి

మోషే సైకిల్‌కు వేలాడుతున్న గుడ్డసంచిలో ఇద్దరు రేకు సిపాయిలున్నారు. ఒకడు ఎంకపల్లి పెంటమ్మవ్వ సొంతం. రెండోవాడు మోషే నెలరోజులు కూర్చుని చేసిన నకలు. పట్నంలో షూటింగు చేస్తున్న సినిమా కంపెనీకి చేరవలసినవాడు. అరవైతొమ్మిది ఎండాకాలం, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజులు. బస్సులు బందయి నాలుగు రోజులు. చేవెళ్ల నుంచి వచ్చే దారంతా నరమానవుడు లేడు.

మోషే చేవెళ్ల అంగట్లో చిల్లుపడ్డ లాంతర్లకు తగరం కరిగించి మాటు వేసేవాడు. ఆగిన గడియారాలూ విప్పేవాడు. స్క్రూడ్రైవరు పిడి పళ్ల మధ్య పట్టి, మొన యంత్రానికి ఆనించి, లోపలి చప్పుడు దవడతో వినేవాడు. నవ్వేవాళ్లు నవ్వేవారు. గడియారాలు మాత్రం నడిచేవి.

కంపెనీవాళ్ల జర్మనీ సిపాయి బొమ్మ షూటింగులో మెట్ల మీంచి పడి నుజ్జయింది. సగం సీను తీసేశారు. మిగతా సగానికి అచ్చం అదే కావాలి. కంపెనీ సామాన్లు చూసే మాణిక్యం ఒక ఫోటో తెచ్చి మోషే చేతిలో పెట్టాడు.

“కెమెరా మొఖం మీదికొస్తది మోషే. గుండీ తేడా వచ్చినా దొరుకుతం.”

ఎక్కడి జర్మనీ, ఎక్కడి చేవెళ్ల తాలూకా! ఆ బొమ్మలు ఏ ఓడలెక్కి, ఎవరెవరి చేతులు మారి ఈ నేలకు చేరాయో రాస్తే అదే ఒక గ్రంథం. మోషేకు కావలసింది అందులో ఒక్క వాక్యం. మిషన్ దవాఖానలో ఆయాగా పనిచేసిన పెంటమ్మకు, అక్కడి తెల్ల దొరసాని దేశం విడిచి వెళ్లిపోతూ అలాంటిదే ఒకటి ఇచ్చింది. టీకాలకు వచ్చిన పిల్లల ముందు పెంటమ్మ దానికి చావి తిప్పేది. వాళ్లు డోలు కొట్టే సిపాయిని చూస్తుండగా సూది దిగేది.

“కొలతలు తీసుకొని తెచ్చిస్త అవ్వా. ఒక్క సీల గూడ కదిలియ్య.”

“నీ మాట మీద ఇస్తున్న. వాడు నాకంటె ఎక్కువ నౌకరి చేసిండు,” అంది పెంటమ్మ.

బిస్కెట్ డబ్బా రేకు ఒళ్లయింది. స్ప్రింగు పాత అలారం గడియారంలో దొరికింది. చావి, పాతసామాన్ల సంగమ్మ గంపలోని తోకలేని ఆటఎలుకది. దొరకనిది ఒక్కటే: డోలు కర్రల్ని ఆడించే ఇత్తడి చక్రం. దాని పళ్లు ఎగుడుదిగుడు. అందుకే సిపాయి రెండు దెబ్బలు చకచకా కొట్టి, ఆగి, మూడోది కొట్టేవాడు. మోషే ఆకురాయితో మూడు చక్రాలు అరగదీశాడు. మూడూ సమంగానే కొట్టాయి.

తన పని తెరమీద మనిషంత ఎత్తున కనబడుతుందన్న ఆశ చెడ్డది. పెంటమ్మ సిపాయి వీపురేకును పట్టి ఉంచే నాలుగు రేకు చెవులు వంచి, అసలు చక్రం తీసి నకలులో పెట్టాడు. తాను చేసినదాన్ని పెంటమ్మ సిపాయిలో పెట్టాడు. ముసలిది, ఏం గుర్తుపడుతుందిలే అనుకున్నాడు.

మొయినాబాద్‌లో రోడ్డుకడ్డంగా బండ్లు. పక్కన టైరు మండుతోంది. తాలూకా ఆఫీసు గుమాస్తా, సమ్మెలో ఉన్న జంగయ్య, నినాదాలిస్తున్న రేకు బాకా నోటి నుంచి దించాడు. ఆ బాకా చేసిందీ మోషేనే.

“ఎటు, మోషే?”

“ఎంకపల్లికి పటేలా. పెంటమ్మవ్వ బొమ్మ ఇచ్చి రావాలె.”

“ఈ వయసుల అవ్వకు బొమ్మనా?” అన్నాడు వెనక నుంచి ఒకడు.

నలుగురు నవ్వారు. సంచి విప్పారు. ఫోటో వెనకాల కంపెనీ ముద్ర కనబడగానే నవ్వులు ఆగాయి.

“ఆంధ్రోళ్ల కంపెనీ,” అన్నాడు జంగయ్య. “మాకు బాకాలు, వాళ్లకు బొమ్మలు. మంచిగున్నది నీ దుకాణం.”

“ఒకటి వాళ్లది. ఒకటి అవ్వది.”

“అవ్వది అవ్వకు పోతది. కంపెనీది ఈడ్నే కాలుతది. ఏది ఎవలదో నేనే చెప్త. దీని ముందట కూసొని సూది వేయించుకున్నోన్ని.”

గీతలు పడ్డదానికి చావి తిప్పాడు. సమంగా కొట్టింది. తల అడ్డంగా ఊపాడు. కొత్తది తిప్పాడు. రెండు చకచకా, ఆగి, మూడోది. జంగయ్య చేయి తెలియకుండానే జబ్బ మీది టీకామచ్చ తడిమింది.

“ఇదే అవ్వది. కొత్తగ రంగేయించినట్టున్నది. ఆ పాతది సినిమాది,” అంటూ పెంటమ్మ సిపాయిని మంట మీదికి చాపాడు.

నోరు మూసుకుంటే మోషే తప్పు టైరుతో పాటే కాలిపోతుంది. రంగు నేనే వేశానని నకలును పెంటమ్మకు ఇచ్చేయొచ్చు. పాత రంగు కమురు వాసన వస్తోంది.

“ఆగు పటేలా. అదే అవ్వది. దాని చక్రం నేను తీసిన. మాట తప్పిన.”

“మాటిచ్చి తప్పుడు పట్నంల పెద్దోళ్లకే వచ్చనుకున్నం,” అన్నారెవరో.

జంగయ్య చేయి వెనక్కి తీసుకున్నాడు. “అయితే ఇప్పుడే మార్చు. మా ముందట.”

రేకు చెవి ఒకసారి వంచితే ఓర్చుకుంటుంది. రెండోసారి వంచితే విరుగుతుందో లేదో దాని దయ. మోషే రోడ్డు మీదే కూర్చుని స్క్రూడ్రైవరు తీశాడు. ముందు నకలును విప్పి చక్రం తీశాడు. తర్వాత పెంటమ్మ సిపాయి. ఒక చెవి లేచింది. రెండోది లేచింది.

“పోలీసు వ్యాను వస్తున్నది,” అని బండి మీంచి ఒకడు దూకాడు. మనుషులు చేలల్లోకి పరుగెత్తారు. జంగయ్య కదల్లేదు.

“కానియ్.”

మూడో చెవి లేచింది. నాలుగోది పుటుక్కుమంది. చక్రం కూర్చోబెట్టి, మిగిలిన మూడు చెవులు వంచి, చావి తిప్పి, మోషే స్క్రూడ్రైవరు పళ్లమధ్య పెట్టాడు. దవడలో రెండు చకచకా, ఆగి, మూడోది. తల ఊపాడు. జంగయ్య నకలును మంటలో పడేసి రోడ్డుపక్క గోడ దూకాడు. మొదటి లాఠీ మోషే భుజం మీద పడింది. సంచిని పొట్ట కింద పెట్టుకుని ముడుచుకున్నాడు.

పొద్దు వాలే వేళకు ఎంకపల్లి చేరాడు. పెంటమ్మ చావి తిప్పి విన్నది. తర్వాత వేలితో వీపు తడిమింది. మూడు చెవుల దగ్గర సాగిన వేలు నాలుగో దగ్గర ఆగింది.

“ఒక్క సీల గూడ కదిలియ్యనంటివి.”

మోషే చక్రం సంగతి నుంచి మంట దాకా అంతా చెప్పాడు. ఆమె మధ్యలో ఒక్కసారీ తలెత్తలేదు.

“మాటు పడదా?”

“వేడికి రంగు పోతది అవ్వా.”

ఆమె దవాఖాననాటి రేకుడబ్బా తెరిచి ప్లాస్టరు చుట్ట తీసింది. ముక్క కత్తిరించి సిపాయి వీపుకు అంటించి, వాణ్ని గూట్లో నిలబెట్టింది.

“ఇంకోసారి అడుగకు వాణ్ని,” అంది. మరో ముక్క కత్తిరిస్తూ, “ఇగ అంగి విప్పు.”