అత్త డబ్బా, నా పసిఫిక్

ఈమధ్య మా ఇంట్లో వాడుతున్న కొబ్బరినూనె మీద నాకో చిన్న ఫిర్యాదు ఉంది. ఎంత చలిలోనూ గడ్డకట్టదని సీసా మీదే రాశారు; అన్న మాట ప్రకారం గడ్డకట్టడం లేదు కూడా. గడ్డకట్టని కొబ్బరినూనె, అరవని కుక్క ఒకటేనని మా ఆవిడతో అంటే, "తలకి రాసుకోడానికే కదండీ, కాపలాకి కాదు కదా" అంది. పాపం, ఆమెకి మా మేనత్త నూనె డబ్బా సంగతి తెలియదు. (తెలిస్తే నా పరువు కొంత తగ్గుతుందని నేనే చెప్పలేదు.)

నాకింకా పెళ్ళికాని ఆ రోజుల్లో డిగ్రీ చదివినవాడు అడిగినా అడక్కపోయినా అన్నిటికీ కారణాలు చెప్పేవాడు. అందులో నాది ఫస్ట్ క్లాసు. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు కాలేజీలో జాగ్రఫీ చెబుతూ, నాతవరం దగ్గర పల్లెలో మా మేనత్త ఇంట్లో ఉండి, షేర్ ఆటోలో వెళ్ళివచ్చేవాణ్ణి. ఆ ఏడు చలి తొందరపడింది. దీపావళి వెళ్ళిన వారానికే ఆటోవాడు మంకీక్యాప్‌లోకి మారాడు. నేను భోజనాల దగ్గర కారణాలు వడ్డించాను: పసిఫిక్ మహాసముద్రం చల్లబడింది, ఉత్తరం నుంచి పొడిగాలి ముందే దిగింది, మబ్బు లేదు గనుక పగటి వేడంతా రాత్రికి పైకి పోతోంది, ఇక వాన మాటే లేదు. మామయ్య శ్రద్ధగా విని, "పసిఫిక్కంటే మన తాండవ రిజర్వాయరుకన్నా పెద్దదేటి?" అని అడిగారు. కొంచెం పెద్దదన్నాను. ఆ భరోసాతో రెండెకరాల వరికోతకు మనుషుల్ని మాట్లాడేశారు. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఆ రెండెకరాలే.

తీరా కోత రోజు, కూలీలు కొడవళ్ళతో వచ్చే వేళకి, అత్త కొబ్బరినూనె సీసా పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. "కోత ఆపండి. సలి ఇరిగిపోనాది. రేపో మాపో వానొస్తాది." ఎనిమిది రోజులుగా రాయిలా ఉన్న నూనె ఆ పొద్దున నీళ్ళలా ఊగుతోంది. నాకు నవ్వాగలేదు. "అత్తా, తల దువ్వుకుందామని దాన్ని వేణ్ణీళ్ళ బకెట్లో ముంచింది నేనే!" అన్నాను. (నేరం ఒప్పుకోవడంలో అంత ఆనందం మళ్ళీ ఎన్నడూ కలగలేదు.) అత్త లోపలికి వెళ్ళి, అటక మీది నూనె డబ్బా దింపి, మూత తీసి నా ముక్కు కింద వంచింది. అదీ కరిగే ఉంది. "మరి దీనికి కూడా నువ్వే తానం సేయించావేటి, అల్లుడా?"

మామయ్య నన్నూ చూశారు, డబ్బానీ చూశారు. ఎవరినీ నొప్పించడం ఆయనకి చేతకాదు. ఒక ఎకరం కోయించి, ఒక ఎకరం ఉంచేశారు.

మర్నాటి సాయంత్రానికి తూర్పు నుంచి మబ్బు ఎక్కింది. మూడు రోజులు వాన. నిలబడ్డ చేను కాస్త వాలి, మళ్ళీ తేరుకుంది. కోసిన పనలు మాత్రం నీళ్ళలో నాని, ముచ్చటగా మొలకలెత్తాయి. మోకాటి లోతు బురదలో వాటిని గట్టుకి మోస్తుంటే గుర్తొచ్చింది: మబ్బు కమ్మితే రాత్రి వేడి పైకి పోదని, చలి ఉన్నట్టుండి తగ్గితే సముద్రం గాలి తిరిగిందేమో చూసుకోవాలని, ఆ నెలలోనే నేను బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. నేను రాసుకోలేదు. బడి గుమ్మం తొక్కని మా అత్త మాత్రం ఆ పాఠం మొత్తం అటక మీద భద్రంగా దాచుకుంది. ఆవిడ నన్ను ఒక్కమాట దెప్పలేదు. ఆ మొలకల ఎకరం బియ్యం విడిగా వండి, వేసవి దాకా, నేను అడక్కుండానే నాకే మారు వడ్డించేది.

ఈ ఏడూ చలి ముందే దిగింది. పసిఫిక్ గురించి ఇప్పుడు నాకన్నా నా ఫోనే బాగా చెబుతోంది. అయినా పొద్దున్నే అదే ఫోన్‌లో అత్తని పలకరించాను. ఎనభై దాటినా ఆవిడ గొంతులో మబ్బు లేదు.

"అత్తా, డబ్బా ఏటంటోంది?"

"రాయిలాగుంది. బట్టలారేసుకో."

ధైర్యం వచ్చి, గడ్డకట్టే నూనె నాకూ ఒక సీసా పంపమని అడిగాను.

"ఒరే అల్లుడా, నెత్తి మీద నాలుగెంట్రుకల్లేవు, నీకు నూనెందుకురా?"