ప్రేయర్ పేరాలో ఏం రాయాలి?

ఎన్నికలైన మరుసటి ఏడాది, ఎండాకాలం. మాది తెనాలి. రోజూ పొద్దున్నే రైలెక్కి రేపల్లె వచ్చి, కోర్టు దగ్గర ఒక వరండాలో కూర్చుని అర్జీలు టైపు చేస్తాను. ఇరవై రెండేళ్లుగా అదే పని. అర్జీలో ఆఖరి పేరాని మేం ‘ప్రేయర్’ అంటాం. పైన ఎంత గోడు వెళ్లబోసుకున్నా, మనకేం కావాలో అడిగే చోటు అదే.

ఆ రోజు చేపలమ్మే వెంకాయమ్మ పిన్ని వచ్చి ఖాళీ తట్ట కింద పెట్టింది. మొహం ఎండకి కమిలిపోయింది.

"ఏంటి పిన్నీ, ఇలా అయిపోయావు?"

"నువ్వు రాసిందే జరిగిందబ్బాయ్. మా షెడ్డుకి తాళం పడింది."



పాత నాయకుడు చేపలమ్మే ఆడవాళ్లకి షెడ్డు కట్టిస్తానన్నాడు, కుళాయి వేయిస్తానన్నాడు. షెడ్డయితే వచ్చింది, కుళాయి రాలేదు. ఆయన ఓడిపోయాడు. గెలిచిన కొత్తాయన నెల తిరక్కుండా నీళ్లిస్తానని, పాతాయన్ని బోనెక్కిస్తానని మైకులో చెప్పాడు. నెలలు గడిచిపోయాయి. అప్పుడు పిన్నీ వాళ్లు కుళాయి కోసం నాచేత అర్జీ రాయించుకున్నారు. ఆ రోజుల్లో ఎవరి అర్జీ చూసినా పాతవాళ్లని శిక్షించమని ఒకటే పాట. అందుకని ఒక పేరా సిద్ధంగా పెట్టుకున్నాను: ‘గత పాలకులపై చట్టపరంగా కఠిన చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన.’ కుళాయి మాట కింద దాన్నీ అతికించేశాను. చదివి వినిపించనే లేదు. పిన్ని వేలిముద్ర వేసింది. అర్జీకి బరువొచ్చిందని మురిసిపోయాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

వాళ్లు బాపట్ల వెళ్లి ఆ కాగితం కొత్తాయన చేతికిచ్చారు. ఆయన దాన్నే సభలో ఎత్తి చూపించాడు. షెడ్డు కట్టడంలో అవకతవకలని కేసు పెట్టించాడు. షెడ్డేమో ‘కేస్ ప్రాపర్టీ’ అయింది, అంటే సాక్ష్యంగా ఉంచాల్సిన ఆస్తి. సీలు వేసేశారు. కుళాయి ఊసే లేదు.

"పదకొండింటికల్లా చేప మెత్తబడిపోతోంది అబ్బాయ్. కొనేవాళ్లు ముట్టుకుని వెళ్లిపోతున్నారు. మొన్న మా సుబ్బులు కళ్లు తిరిగి రోడ్డు మీదే పడిపోయింది."

"తప్పు నాది పిన్నీ" అని ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడితే బాగుండేది. "మరి ఇప్పుడు తాళం తీయించే దారుందా?" అని మాత్రం అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

తెలిసిన లాయరుగారిని బతిమాలాను. ఈసారి కోర్టుకే అర్జీ అన్నారాయన. టైపు చేస్తూ ఆఖర్న ఆగాను.

"ప్రేయర్‌లో ఏం రాయమంటావు పిన్నీ?"

"ప్రేయరంటే ప్రార్థనేగా?"

"అవును."

"నువ్వు నమాజులో ఎవర్నన్నా జైల్లో పెట్టమని అడుగుతావా?"

"లేదు పిన్నీ. పిల్లలు చల్లగా ఉండాలని అడుగుతాను."

"నాకూ అదే రాయి. ఆయన తప్పు చేశాడో లేదో కోర్టు చూసుకుంటుంది. వదిలేయమని నేననను. మాకు మాత్రం నీడ కావాలి."

అదే రాశాను. రెండుసార్లు చదివి వినిపించాను. సాక్ష్యం కోసం ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని షెడ్డు వాడుకోనివ్వమని కోర్టు చెప్పింది. తాళం తీసిన రోజు నేనూ వెళ్లాను. పిన్ని తన చోట తడిగుడ్డ పరిచి, సుబ్బుల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సిద్ధంగా పెట్టుకున్న ఆ పేరాని ఆ సాయంత్రమే చెరిపేశాను. అడిగేవాళ్ల నోట్లోంచి రాని మాట వాళ్ల ప్రార్థనలో ఉండకూడదని ఇరవై రెండేళ్లకి గానీ తెలిసి రాలేదు నాకు.

కేసు నడుస్తూనే ఉంది. కుళాయి ఇంకా రాలేదు. మొన్న పిన్ని మళ్లీ వచ్చింది.

"కుళాయి అని రాయి. ఇంకేం రాశావో చదివి చెప్పిందాకా వేలిముద్ర వెయ్యను, ఆఁ!"

చదివాను. చివరిదాకా విని, నవ్వి, వేలు చాచింది.