మిగిలిన ఒక్క మాట

ఆ ఉదయం కోరుట్లలో, మా ఇంటి ముందు గదిలో కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. నాకప్పుడు ముప్పై రెండేళ్లు. సూది వేళ్లలోంచి జారింది. వంగి తీసుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. వంటింట్లో ఉన్న మా ఆయనను పిలిచాను. పిలిచాననే అనుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం "అక్క".

"ఎవలచ్చిండ్రు?" అని నవ్వుతూ వచ్చాడాయన. నా మూతి ఒక పక్కకు వాలిపోయి ఉండటం చూసి నవ్వు ఆపేశాడు. తను నడిపే స్కూలు వ్యానులోనే నన్ను జగిత్యాల దవాఖానకు తీసుకెళ్లాడు.

మెదడులో రక్తనాళం పూడుకుపోయిందని, మాట పలికించే చోటు దెబ్బతిన్నదని డాక్టరు చెప్పాడు. ఆయన మాటలు నాకు చాలా వరకు అర్థమయ్యాయి. జవాబే రాలేదు. నీళ్లు కావాలంటే "అక్క". పేరు అడిగితే "అక్క". కోపం పట్టలేక అరిచినా అదే.

మధ్యాహ్నానికి సిరిసిల్ల నుంచి మా అమ్మ వచ్చింది. "ఏమైందే బిడ్డా?" అంటూ నా చెంపలు పట్టుకుంది. నేను ఆమె కళ్లలోకి చూస్తూ "అక్క" అన్నాను. అమ్మ చేతులు వెనక్కి తీసుకుని గోడకు ఆనుకుని కూలబడింది.

మా ఇంట్లో ఆ మాట అనడం మానేసి పద్నాలుగేళ్లయింది. నాకంటే రెండేళ్లు పెద్దదైన మా అక్క కామెర్లతో జగిత్యాలలోనే, వేరే దవాఖానలో పోయింది. తర్వాత నాన్న దాని ఫోటో సందుగుపెట్టెలో అడుగున పెట్టాడు. అమ్మ దాని పేరెత్తలేదు. ఇప్పుడు నేను రోజుకు వందసార్లు పిలుస్తున్నాను.

ఇంటికి వచ్చాక అమ్మ మా దగ్గరే ఉండిపోయింది. వేములవాడ గుడికి వెళ్లి దారం తెచ్చి నా చేతికి కట్టింది.

"అల్లుడా, గా మాట దీనిది గాదు. పెద్దది దీని నోట్లె కూసున్నది" అని ఒకరోజు మా ఆయనతో అంది.

"గట్లేం లేదత్తమ్మా. ఒక్కోసారి ఒక్కటే మాట మిగుల్తదని డాక్టర్ జెప్పలేదా?"

ఎదురింటి ఆపా అప్పుడే వచ్చింది. నా పక్కన కూర్చుని, "నన్నే పిలుస్తున్నదమ్మా. ఆపా అంటె గూడ అక్కనే గద?" అంది. అమ్మ నా చేతి దారం ముడి ఇంకోసారి బిగించింది.

నాకు మాత్రం అమ్మ చెప్పిందే నిజమనిపించేది. ఎందుకంటే అక్కకు నన్ను నిలదీసే హక్కుంది. ఆ చివరి రోజు మంచంలోంచి, "చెల్లే, జర నా తాన కూసో" అని పిలిచింది. పసుపు పూసినట్టున్న దాని కళ్లు చూసి నాకు భయమేసింది. చాయ్ తెస్తానని చెప్పి బయటికొచ్చి, చాయ్ తాగకుండానే బస్టాండులో గంటసేపు కూర్చున్నాను. తిరిగి వెళ్లేసరికి దానికి స్పృహ లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబుదామనుకునే సరికి నాకు నోరే లేదు.

ఆపా తన మనవరాలి బొమ్మల పుస్తకం తెచ్చి రోజూ నా ముందు పెట్టేది. మూడో నెలలో గ్లాసు చూపిస్తే "నీ... నీళ్లు" అన్నాను. ఆపా ఏడ్చింది. తర్వాత ఉప్పు వచ్చింది, తలుపు వచ్చింది. చీపురు అనబోతే చెప్పు వచ్చేది. ఏడాది తిరిగేసరికి రెండు మూడు మాటలు అతుక్కున్నాయి.

ఆ రోజుల్లోనే అమ్మతో కలిసి సిరిసిల్ల వెళ్లాను. ఒక సాయంత్రం అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పక్క షెడ్డులో మరమగ్గాల సాంచెలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో నేను మొదలుపెట్టాను.

"అక్క... పిలిచింది. కూసో... అన్నది. నేను... బయటికి."

అమ్మ కాయల మీంచి తలెత్తలేదు.

"నాకెరుకే. నువ్వు పొయ్యేది సూసిన."

"తిట్టలే?"

"దాని కండ్లు సూస్తె నాకు గూడ భయమైంది బిడ్డా. నేను తల్లిని, యాడికి పోత?"

ఇద్దరం చీకటి పడేదాకా కాయలు ఒలిచాం. నేను ఎడమచేత్తో.

ఇప్పుడు నేను నెమ్మదిగానైనా మాట్లాడతాను. జాకెట్లు కుట్టడం లేదు, చీరలకు ఫాల్స్ వేస్తాను. బాగా అలసిపోయిన రోజున మాత్రం, ఏదో చెప్పబోతుంటే నా ప్రమేయం లేకుండా "అక్క" అని వస్తుంది. అప్పుడు అమ్మ నా మొహం చూసేముందు ఒక్క క్షణం నా భుజం మీదుగా వెనక్కి చూస్తుంది. నేను వెనక్కి తిరిగి చూడను.