జపాన్ పిల్లాడి కాలు కోసం ప్రార్థన

మొన్న అమీర్‌పేట మెట్రోలో నా పక్కన కూర్చున్న అమ్మాయి, ఒళ్లో కోచింగ్ సంచి పెట్టుకుని ఒక బొమ్మల పుస్తకాన్ని చివరి పేజీ నుంచి మొదటికి తిప్పుతూ చదువుతోంది. బొమ్మల్లో పిల్లల తలలకు పెద్ద పెద్ద హెల్మెట్లు, చేతిలో కోడిగుడ్డు ఆకారం బంతి. చటుక్కున గుర్తుపట్టాను. మెడ చాచి ఎంతసేపు తొంగిచూశానో ఏమో, ఆ పిల్ల పుస్తకం మూసి లేచి నిలబడింది. పాపం, ఆ కథతో నాకున్న చుట్టరికం ఆమెకేం తెలుసు!

నేను గోదావరి వైపు నుంచి పంజాగుట్టకు కాపురానికి వచ్చిన కొత్తలో సంగతి అది. మాది ప్రేమపెళ్లి. మా ఆయన వాళ్లది చర్చికి వెళ్లే ఇల్లు, మాది గుడికి వెళ్లే ఇల్లు. అత్తయ్య నన్ను పల్లెత్తు మాట అనలేదు. కానీ ఇంటికి ఎవరొచ్చినా నన్ను చూపించి "మా పెద్దోడు చేసుకున్న పిల్ల" అనేది. 'మా కోడలు' అంటుందేమోనని నెలల తరబడి చెవులు రిక్కించుకుని తిరిగాను. పులుసులో బెల్లం మానేశాను. జొన్నరొట్టె నేర్చుకున్నాను, అది రొట్టె అని నేను తప్ప ఎవరూ ఒప్పుకోకపోయినా. ఏం లాభం లేకపోయింది.

మా మరిది అప్పుడు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకునేవాడు. కోర్సు ఏమాత్రం ఒంటబట్టిందో గానీ, ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాలు మాత్రం సంచుల కొద్దీ తెచ్చేవాడు. వాటిలోదే ఇది: అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌ను జపాన్ బడిపిల్లలు ఆడే కథ, ఇంగ్లిషులో. ఓ మధ్యాహ్నం బాల్కనీలో కూర్చుని, మామూలుగా ఎడమ నుంచి మొదలుపెట్టి తల పట్టుకున్నాను. పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తయ్య బొమ్మలకేసి చూసి, "గా పొట్టి పిల్లగాడు ముందుగాల్నే గెలిచిండు, ఎనక దెబ్బలు తింటుండేందమ్మా? గట్ల గాదు, ఉర్దూ లెక్క కుడిదిక్కు నుంచి సదువు" అంది. నిజమే, జపాన్ వాళ్ల పుస్తకాలు అలాగే తిప్పాలట. ఆమె చదువంతా ఉర్దూ మీడియం. ఇంగ్లిషు రాదు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు మావే. ఆమె బొమ్మ మీద వేలు పెడుతుంది, నేను అందులోని మాటలు తెలుగులో చెబుతాను. ఆట రూల్సు నాకూ తెలిసి చావవు. బంతి పట్టుకున్నవాడి మీద పదిమంది పడుతుంటే ఆమే తేల్చేసింది: "గిది కబడ్డీనే. జర బట్టలెక్కువ తొడిగిన్రు, గంతే." ఒక పుస్తకం చివర, పెద్ద ఆటకు ముందు, ఆ పొట్టి పిల్లాడి కాలు విరిగింది. తర్వాతి భాగం మరిదికి ఎక్కడా దొరకలేదు. అత్తయ్యకు అన్నం సయించలేదంటే నమ్మండి.

ఆ శుక్రవారం మా ఇంట్లోనే ప్రార్థన కూడిక. ఎవరికేం అవసరమో చెప్పమని పాస్టరుగారు అడిగారు. ఒకరు బీపీ అన్నారు, ఒకరు కొడుకు ఉద్యోగం అన్నారు. అత్తయ్య మెల్లగా గొంతు సవరించుకుంది. "ఒక పిల్లగాడున్నడు అయ్యగారూ. కాలు ఇరిగింది. మస్తు పెద్ద ఆట ముంగటున్నది. జర ప్రార్థన చెయ్యిన్రి." నేను తల దించేసుకున్నాను. అయ్యగారు కళ్లు మూసుకుని, ఆ ఎముకలన్నీ పేరుపేరునా తలుచుకుంటూ ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను, నిజంగానే అన్నాను.

"ఇంతకీ ఎవరి బాబమ్మా?" అన్నారు ఆయన, బైబిలు మూస్తూ.

గదంతా అత్తయ్య వైపు తిరిగింది. ఆమె నా వైపు తిరిగింది.

"మా కోడలు దిక్కు పిల్లగాడు" అంది.

వెనక వరసలో ఒకావిడ మంచి ఎముకల డాక్టరు ఉన్నాడంటూ పేరు చెప్పబోయింది. టీ తెస్తామని మేమిద్దరం వంటింట్లోకి పరుగెత్తాం. అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని, నా భుజం మీద వాలి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నాకూ కళ్లనీళ్లు వచ్చాయి, నవ్వుకి మాత్రమే కాదు. టీ పొంగి స్టవ్వంతా పాడైనా ఇద్దరం పట్టించుకోలేదు.

మా పెళ్లి తేదీ శుభలేఖ మీద అచ్చయి ఉంది. నేను కోడలినైన తేదీ ఎక్కడా రాసిలేదు, నాకూ గుర్తులేదు. ఏదో ఒక శుక్రవారం సాయంత్రం. నా కాపురం వయసును మాత్రం నేను ఆ సాయంత్రం నుంచే లెక్కేసుకుంటాను.