చెప్పేది ఒక్కసారే

పిల్లవాడికి చెవులు సరిగ్గా వినబడవు. ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి మిమ్మల్ని ఉలిక్కిపడేలా చెయ్యాలన్న సరదా నాకు లేదు. ఆ ఇంట్లో మాత్రం అది బయటపడేసరికి రెండేళ్ళు దాటింది. అదీ ఎవరికి? చెవుల మీదే బతికిన మనిషికి.

ఆవిడ ఒక లాయరు దగ్గర స్టెనో. ఆ లాయరుకి ఒక అలవాటుండేది. చేతులు వెనక్కి కట్టుకుని, కిటికీ వైపు తిరిగి, రోడ్డు మీద పోయే బళ్ళను చూస్తూ ఉత్తరాలు చెప్పేవాడు. ముఖం చూపించడు. చెప్పిన మాట మళ్ళీ చెప్పడు. "సార్, ఇంకొక్కసారి..." అన్న అమ్మాయి సాయంత్రానికి సంచి సర్దుకుని ఇంటికి పోవలసిందే. ఈవిడకు ముందు అలా పోయినవాళ్ళు చాలామంది. ఈవిడ నిలబడింది. ఫ్యాను చప్పుడులో, హారన్ల మోతలో, ఆయన గొంతులోనే గొణుక్కున్న మాటను కూడా పట్టేసి షార్ట్‌హ్యాండ్ గీతల్లో పెట్టేసేది. ఒక్క మాట జారిపోయిందని ఎవరూ అనలేదు. కొన్నాళ్ళకు, చెప్పిన మాట విని తనే టైపు చేసుకునే మిషన్ ఒకటి ఆఫీసుకు వచ్చింది. రేపటినుంచి రానక్కర్లేదన్న ముక్క కూడా లాయరు కిటికీ వైపు తిరిగే చెప్పాడు. ఒక్కసారే చెప్పాడు. ఆవిడకు శుభ్రంగా వినబడింది.

ఆ చెవులు వేసుకుని ఇంట్లో కూర్చుంది. రెండు గదులు, వెనక వంటిల్లు. భర్త రేకుల వర్క్‌షాపులో పనివాడు. పొద్దస్తమానం సుత్తి దెబ్బల మధ్య నిలబడి మాట్లాడే మనిషి గనక ఇంటికొచ్చినా అదే గొంతు. "కాసిని మంచినీళ్ళియ్యి" అంటే వీధి చివరివాళ్ళు కూడా చెంబు అందుకునేలా ఉంటుంది. ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, చురుకైనది. చిన్నవాడి పేరు బడి రిజిస్టర్లో ఏదైనా గానీ, ఇంట్లో, వీధిలో అందరికీ వాడు పరాకు. పిలిస్తే పలకడు, చెబితే సగం చేస్తాడు, ఎటో చూస్తుంటాడు. ఆ పేరు పెట్టింది తల్లే. మొదట్లో ముద్దుకే పెట్టింది.

బడిలో టీచరు ఒకరోజు పిలిపించి, "మీవాడికి ధ్యాస అనేదే లేదండీ. నేను ఇటు పాఠం చెబుతుంటే వాడు అటు చూస్తాడు. ఇంట్లో మీరు కాస్త గట్టిగా ఉండాలి" అంది.

ఆవిడకు తల కొట్టేసినట్లయింది. తన కడుపున పుట్టినవాడికి ధ్యాస లేదా!

"గంపలో కోళ్ళని కుక్కినట్టు కుక్కి, ధ్యాస లేదంటే ఎక్కణ్ణించి వస్తుందండీ? నాకివ్వండి, నేర్పి చూపిస్తాను" అని అక్కడికక్కడే ఇద్దరినీ మాన్పించి తీసుకొచ్చేసింది. చేతకాక మాన్పించలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పట్టుదల గల మనిషి. ఆ పట్టుదలలో ఒక్క పూట వెచ్చించి పిల్లవాణ్ణి చెవుల డాక్టరుకి చూపించి ఉంటే నాకీ కథ చెప్పే పనే తప్పేది.

ముందుగదిలో బల్ల వేసి ఇంటి బడి మొదలుపెట్టింది. పాఠం ఎప్పుడూ చిన్నదే. పిల్లలు ఇంకాస్త కావాలి అనేటప్పుడే ఆపేసేది. లెక్కల తర్వాత బొమ్మలు, బొమ్మల తర్వాత చదువు, ఆ తర్వాత వీధిలోకి పోయి ఒక చెట్టునో పిట్టనో చూసి రావడం. ఒకే పని సాగదీస్తే బుర్ర మొద్దుబారుతుందని ఆవిడ నమ్మకం, అందులో తప్పేమీ లేదు. అన్నిటికీ మించి ఒక నియమం పెట్టింది: చెప్పేది ఒక్కసారే. కథ ఒక్కసారి చదువుతుంది, పుస్తకం మూసేస్తుంది. విన్నది పిల్లలు సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. మళ్ళీ చదవమంటే చదవదు. రెండోసారి చెబుతారని తెలిస్తే ఏ పిల్లవాడూ మొదటిసారి వినడని, వినడం అలవాటు కావాలంటే ఇదొక్కటే దారని ఆవిడ వాదన. లాయరు దగ్గర అన్నాళ్ళు బెదురుతూ నేర్చుకున్నదాన్ని పిల్లలకు వరంలా ఇస్తున్నాననుకుంది.

పెద్దది గడగడా చెప్పేసేది. పరాకు లేచి నిలబడి, "ఒక రాజు... వెళ్ళాడు..." అని ఆగి అక్క ముఖంలోకి చూసేవాడు.

"అక్క ముఖం మీద రాసుందిట్రా కథ?" అని కసిరేది తల్లి. వాడు నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఆవిడకు మరీ ఒళ్ళు మండేది.

మొదటి నెలల్లోనే ఒకరోజు ఆవిడ కథ మధ్యలో ఉండగా పెద్దది, "అమ్మా" అంది.

"చదువుతున్నప్పుడు మధ్యలో మాట్లాడొద్దన్నానా లేదా?"

"తమ్ముడికి వినబడట్లేదమ్మా."

"వినబడకేం, బంగారంలా వినబడుతుంది. వినాలని ఉండొద్దూ? ఇంకోసారి మధ్యలో అడ్డొచ్చావంటే నువ్వూ గోడవైపు తిరిగి నించుంటావ్" అని పేజీ తిప్పింది. పెద్దది నోరు మూసుకుంది. కథ ముందుకు సాగింది.

ఆవిడ వాదన ఆవిడకుంది మరి. భర్త సాయంత్రం గుమ్మంలోంచి "ఒరేయ్!" అంటే చాలు, పరాకు పరిగెత్తుకొచ్చేవాడు. తను వంటింట్లోంచి గొంతు పోయేలా పిలిచినా కదిలేవాడు కాదు. తండ్రికి పలికి తల్లికి పలకలేదంటే దాన్నేమంటారు? పొగరంటారు. "నా మాటంటే వాడికి భయం ఉందే. నువ్వు ముద్దుచేసి నెత్తికెక్కించుకున్నావు" అని భర్త మీసం దువ్వుకునేవాడు. భయమూ లేదు, భక్తీ లేదు. ఆయన గొంతు పెద్దది, అంతే. పైగా పరాకుకి కొన్ని రోజులు బాగానే వినబడేది, జలుబు చేస్తే మళ్ళీ తలుపులు వేసేసినట్టయ్యేది. "నిన్న విన్నావుగా! ఇవాళేం రోగం?" అని నిలదీస్తే వాడేం చెబుతాడు? నిన్నకీ ఇవాళ్టికీ తేడా ఏమిటో వాడికి మాత్రం ఎవరు చెప్పారు?

ఎండలు ముదిరాక గాలి కోసం బల్లను కిటికీ దగ్గరికి జరిపారు. వెలుతురు తిన్నగా తల్లి ముఖం మీద పడేది. పరాకు ఆవిడకు ఎదురుగా కూర్చునేవాడు. సగం కథలు ఆవిడకు నోటికి వచ్చినవే గనక తల ఎత్తే చెప్పేది. నెల తిరిగేసరికి వాడు మెల్లగా కథలు చెప్పడం మొదలుపెట్టాడు. రాజు వెళ్ళడమే కాదు, ఎందుకు వెళ్ళాడో, దారిలో ఏ నది దాటాడో, అన్నీ. తల్లి పుస్తకంలోకి తల వంచిన చోట్ల మాత్రం ఆవిడ పక్కనున్న పెద్దది ఆ మాటలకే చప్పుడు లేకుండా పెదవులు కదిపేది. ఆవిడ కళ్ళు పుస్తకంలో ఉన్నాయి, ఆవిడకెలా కనబడుతుంది?

వాడు మొదటిసారి కథంతా చెప్పిన రోజు ఆవిడ వంటింట్లోకి పోయి ఆనందంతో ఏడ్చింది. మొత్తానికి నేర్పేసింది! వాళ్ళకీ వీళ్ళకీ చెప్పుకుంది. చుట్టుపక్కల పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న తల్లులు నలుగురైదుగురు శనివారాలు రావడం మొదలుపెట్టారు. అందులో మూలమలుపు బేకరీ ఆవిడ ఒకతె. పొద్దున్నే రొట్టెలు దింపి, చేతులకంటిన పిండి కూడా సరిగ్గా కడుక్కోకుండా వచ్చి వెనక కూర్చునేది.

"చూశారా, శ్రద్ధంటే అదీ. వాడు రెప్ప కూడా వెయ్యడు" అనేది తల్లి.

"నిజమేనమ్మా! మావాడు కుర్చీలో కుదురుగా కూర్చుంటే అదే పదివేలు" అనేవాళ్ళు తక్కినవాళ్ళు.

రెప్ప వెయ్యడు మరి. వేస్తే ఒక మాట పోతుంది. సాయంత్రమయ్యేసరికి వాడి కళ్ళు ఎర్రబడి, తలనొప్పని, తినకుండానే పడుకునేవాడు. ఎదిగే పిల్లలకు మామూలే అనుకుంది. మెచ్చుకోళ్ళ రుచి మరిగింది మనిషి. ఇన్నాళ్ళూ తన చెవుల్ని మెచ్చినవాళ్ళు లేరు, ఇప్పుడు తన పిల్లవాడి ధ్యాసని చూడ్డానికి జనం వస్తున్నారు. కళ్ళు నెత్తికెక్కాయంటే ఎక్కవా?

ఇలా ఉండగా ఆవిడ వెనకపన్ను పీకించుకోవలసి వచ్చింది. మర్నాడే శనివారం. చెంప బూరెలా ఉబ్బింది. మానెయ్యొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ మానలేదు. చేతిరుమాలు మడిచి మూతికి అడ్డంగా పట్టుకుని కథ చెప్పింది. గొంతు కాస్త ముద్దగా వచ్చినా అందరికీ అర్థమైంది.

కథ అయ్యాక, "ఊఁ, చెప్పరా" అంది.

పరాకు లేవలేదు. ఆవిడ చెయ్యి ఊపితే లేచాడు. నోరు తెరిచి, మూశాడు. అక్క వైపు చూశాడు. ఆడవాళ్ళంతా అడ్డంగా కూర్చోవడంతో అక్క కనబడలేదు.

"చెప్పరా! ఇంతమంది ముందు నా పరువు తియ్యాలనా?"

వాడు బల్ల చుట్టూ తిరిగి తల్లి దగ్గరికి వచ్చాడు. ఆవిడ ముఖంలోకి చూసి, చెయ్యి చాచి, మూతి మీది రుమాలును కిందికి లాగాడు.

ఆవిడ లాగిపెట్టి చెంప మీద కొట్టింది.

వాడు ఏడవలేదు. కొట్టించుకుని కూడా ఆవిడ పెదవులనే చూస్తున్నాడు, ఇప్పుడైనా కథ మళ్ళీ మొదలవుతుందేమోనని.

బేకరీ ఆవిడే లేచింది. "అక్కా, కొట్టకు. వాడు నీ మూతి చూడ్డానికొచ్చాడు."

"ఏమిటి నువ్వనేది?"

బేకరీ ఆవిడ జవాబు చెప్పకుండా పిల్లవాణ్ణి భుజాలు పట్టి కిటికీ వైపు తిప్పి నిలబెట్టింది. తను వెనక నిలబడి, మామూలు గొంతుతో, "బాబూ, నీకు బిస్కెట్ ఇస్తాను, ఇటు తిరుగు" అంది. వాడు తిరగలేదు. "బాబూ" అంది మళ్ళీ. రోడ్డు మీద బళ్ళు పోతున్నాయి. వాడు వాటిని చూస్తూ నిలబడ్డాడు.

కిటికీ వైపు తిరిగి నిలబడ్డ ఆ చిన్న వీపును ఆవిడ చూసింది. "ఒరేయ్ నాన్నా" అని తను కూడా పిలిచింది. వాడికి తెలియలేదు.

చెవుల డాక్టరు చిన్న వయసు అమ్మాయి. తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "చెవి పొర వెనక నీరు చేరి జిగురులా అయిపోతుందమ్మా. నొప్పి ఉండదు. జలుబు చేస్తే ఎక్కువవుతుంది, తగ్గితే తగ్గుతుంది. అందుకే ఒకరోజు వింటారు, ఒకరోజు వినరు. మొదట్లో తీసుకొచ్చి ఉంటే చిన్న గొట్టం పెట్టి నీరు తీసేసేవాళ్ళం. ఇప్పుడు పొర లోపలికి పీక్కుపోయి, లోపలి బుల్లి ఎముకలు రెండు వైపులా దెబ్బతిన్నాయి. ఆపరేషన్ చేద్దాం. కానీ పూర్తి వినికిడి వస్తుందని నేను మాటివ్వలేను. చెవులకు మిషన్లు పెట్టుకోవాల్సి ఉంటుంది" అంది. తర్వాత చీటీ రాస్తూ, మామూలుగానే, "ఇన్నాళ్ళూ ఎవరూ గమనించలేదా?" అని అడిగింది.

ఆవిడ చీటీ అందుకుని లేచింది.

బయట వరండాలో బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. తల్లి మధ్యలో, పిల్లలు చెరోవైపు. ఆవిడ ఇప్పుడు ఎవరి మీదైనా విరుచుకుపడాలి. టీచరు లేదు, భర్త వర్క్‌షాపులో ఉన్నాడు. దొరికింది పెద్దదే.

"నీకు తెలుసు కదూ? పెదవులు కదిపి అందించేదానివట కదూ వాడికి! బేకరీ ఆంటీ చూసిందట. అంత తెలిసినదానివి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పానమ్మా."

"ఎప్పుడు చెప్పావ్? అబద్ధాలాడకు."

"నువ్వు కథ చదువుతుంటే చెప్పాను. వినబడట్లేదన్నాను. గోడవైపు తిప్పుతానన్నావు."

ఆవిడ జ్ఞాపకంలో వెతుక్కుంది. లాయరు ఎప్పుడో చెప్పిన ఉత్తరాలు ఇప్పటికీ ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పగలదు. ఇది మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. అసలు లోపలికే పోలేదు.

"మరి మళ్ళీ చెప్పొచ్చుగా తల్లీ! పదిసార్లు చెప్పొచ్చుగా! నా జుట్టు పట్టుకుని చెప్పొచ్చుగా!"

పెద్దది తల్లి ముఖంలోకి ఆశ్చర్యంగా చూసింది. అందులో ఎత్తిపొడుపు లేదు. నేర్పిన పాఠాన్ని అప్పజెప్పే గొంతుతోనే అంది. "చెప్పేది ఒక్కసారే కదమ్మా."

ఆవిడ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. అటువైపు కూర్చున్న పరాకు కాసేపు చూసి, ఆ కొంగును రెండు వేళ్ళతో, ఈసారి భయంభయంగా, పక్కకు తొలగించాడు.

"అక్క ఏమందమ్మా?"

ఆవిడ ముక్కు తుడుచుకుంది. వాడి గడ్డం పట్టుకుని ముఖం తన వైపు, వెలుతురు వైపు తిప్పుకుంది. పెదవులు బాగా విప్పి, ఒక్కొక్క మాటే చెప్పింది.

"చెప్పేది ఒక్కసారే, అందిరా."

వాడు తల ఊపాడు. ఆ మాట వాడికి ఎప్పటినుంచో తెలుసు.